విండోస్ 11 ఎక్కనన్న మూడు సిస్టంలు: కాశీనగర్ తమ్ముడికి జవాబు

కాశీనగర్‌లో జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్న తమ్ముడి ప్రశ్న క్లుప్తంగా ఇదీ. షాపులో మూడు సిస్టంలు. మొదటిది 2019లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్: ఐ3-8100 ప్రాసెసర్, హెచ్310 బోర్డు, 8 జీబీ ర్యామ్. రెండోది 2018 చివర్లో కొన్న ల్యాప్‌టాప్: ఐ3-7020యూ, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. మూడోది వాళ్ళ నాన్నగారు పెట్టిన కోర్ 2 డ్యుయో. అందులో 32 బిట్ విండోస్ 10 మీద అనూ, ఆకృతి, పేజ్‌మేకర్ అనే డీటీపీ సాఫ్ట్‌వేర్లు. మూడింట్లోనూ విండోస్ 11కి చెక్ చేస్తే, సరిపోదని ఒకటే మెసేజ్ వచ్చింది. డెస్క్‌టాప్‌ని బస్సెక్కించి బరంపురం తీసుకెళ్తే, అక్కడ ఒక షాపులో మూతైనా విప్పకుండా "మూడూ కొత్తవి తీసేసుకోండి" అన్నారట. "అన్నయ్యా, ఒక్కటైనా దక్కుతుందా?" అని అడిగాడు.

దక్కుతుంది తమ్ముడూ. ఒకదానికి ఖర్చు మహా అయితే ఒక చిన్న బ్యాటరీ సెల్లు. ఇంకోదానికి కొంచెం డబ్బు, కొంచెం ఆలోచన. మూడోదానికి విండోస్ 11 మాట మర్చిపోవాల్సిందే, కానీ దాన్ని పాత ఇనుములో వేసేయమంటే మాత్రం నేనొప్పుకోను. మీ నాన్నగారి హయాంలో దానికి ఎస్‌ఎంపీఎస్ మార్చింది నేనే.

పర్లాకిమిడిలో నా సర్వీసు షాపుకి 20 ఏళ్ళు దాటాయి. ఎక్స్‌పీ పోయినప్పుడూ చూశాను, 7 పోయినప్పుడూ చూశాను. అప్పటి గొడవ వేరు. కొత్త విండోస్ వేస్తే సిస్టం మొరాయించేది, ఒక ర్యామ్ ముక్క గుచ్చితే లేచి కూర్చునేది. ఇప్పుడు సిస్టం శుభ్రంగా నడుస్తూనే ఉంటుంది, ఓఎస్సే వచ్చి "నువ్వు నాకు సరిపోవు" అంటుంది. జనానికి ఒళ్ళు మండేది అక్కడే. కౌంటర్ దగ్గరకి వచ్చి "ఏటండీ, నిన్నటి దాకా పన్జేసింది కదా" అని నన్ను తిట్టినట్టు అడుగుతారు.

గిడుగు వారు వాడుక భాష కోసం కొట్లాడిన ఊళ్ళో ఉంటున్నాం గనక, ముందు ఆ మెసేజ్‌ని వాడుక భాషలోకి దించుదాం. "ఈ పీసీ సిస్టం అవసరాలను తీర్చడం లేదు" అన్న ఒక్క వాక్యం కింద మూడు వేరు వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. సరుకు ఉంది, స్విచ్ ఆపేసి ఉంది. సరుకు ఉంది, స్విచ్ కూడా వేసే ఉంది, కానీ పేరు లిస్టులో లేదు. అసలు సరుకే లేదు. నీ మూడు సిస్టంలకీ తలా ఒకటి పంచినట్టు వచ్చాయి. జబ్బు ఏదో చూడకుండా మందు రాసేశారు కాబట్టే నాకు బరంపురం సలహా నచ్చలేదు.

విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబర్ 5న. అది పైకి అడిగేవి ఇవి: 1 గిగాహెర్ట్జ్, రెండు కోర్లు ఉన్న 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి, డైరెక్ట్‌ఎక్స్ 12 గ్రాఫిక్స్, యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో సెక్యూర్ బూట్ (నమ్మకమైన ఓఎస్‌నే లేవనిచ్చే కాపలా) చేయగల బయాస్ (సిస్టం ఆన్ కాగానే ముందు లేచే ప్రోగ్రాం), టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే భద్రతా భాగం). ఇక్కడిదాకా చదివితే అన్నీ మనకున్నట్టే అనిపిస్తుంది. మెలిక పక్క కాగితంలో ఉంది. అది ప్రాసెసర్ల లిస్టు. ఇంటెల్ అయితే 8వ తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 నుంచి. అందులోనూ 2200జీ, 2400జీ లాంటివి పేరుకి 2000 సిరీస్ అయినా లిస్టులో లేవు.

ముందు డెస్క్‌టాప్ సంగతి. ఐ3-8100 అంటే 8వ తరం, లిస్టులో ఉంది. టీపీఎం అనగానే బోర్డు మీద గుచ్చే చిన్న చిప్పు కొనాలనుకుంటారు. 2021లో జనం వాటి కోసం ఎగబడ్డారు కూడా. నువ్వు కొనకు. నీ ఇంటెల్ బోర్డులో ఆ పని చేసేది లోపలే ఉంది, పేరు పీటీటీ. ఏఎండీలో దాన్నే ఎఫ్‌టీపీఎం అంటారు. 2019 నాటి బోర్డుల్లో చాలావాటికి ఫ్యాక్టరీ నుంచే అది ఆఫ్‌లో వచ్చింది, అంతే. బయాస్‌లోకి వెళ్ళి ఆన్ చేస్తే సరిపోతుంది.

సరిపోతుంది అన్నాను గానీ, మన వైపు అసెంబుల్డ్ సిస్టంలకి ఇంకో ముడి ఉంది. విండోస్ కీ, ఆర్ అక్షరం కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎంఎస్‌ఇన్ఫో32 అని ఇంగ్లిషులో కొట్టు. అక్కడ బయాస్ మోడ్ అనే లైన్‌లో లెగసీ అని ఉందా, యూఈఎఫ్ఐ అని ఉందా చూడు. నీదాంట్లో లెగసీ అనే ఉంటుందని ముందే చెప్పేస్తున్నాను. విండోస్ 7 రోజుల అలవాటు మా మెకానిక్కులకి వదల్లేదు. పాత పెన్‌డ్రైవ్ పెట్టి, పాత పద్ధతిలో, హార్డ్ డిస్క్‌ని ఎంబీఆర్ అనే పాత రకం పార్టిషన్ పద్ధతిలో చేసి ఫార్మాట్ కొట్టేసేవాళ్ళం. నేనూ అలా వందలు వేశాను, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. లెగసీ మోడ్‌లో ఉన్నంతకాలం సెక్యూర్ బూట్ లేదు, టీపీఎం 2.0 కూడా సరిగా పలకదు. అందుకే బయాస్‌లో ఒక్క పీటీటీ ఆన్ చేసి వదిలేస్తే మెసేజ్ పోదు.

దీనికి ఫార్మాట్ అక్కర్లేదు. ఎంబీఆర్‌టూజీపీటీ అనే టూల్ విండోస్ 10లోనే, 1703 వెర్షన్ నుంచి ఉంది. ఉన్న డేటా ఉన్నట్టే ఉంచి డిస్క్‌ని యూఈఎఫ్ఐకి కావాల్సిన జీపీటీ పద్ధతికి మారుస్తుంది. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, టూల్ పేరు పక్కన ముందు వ్యాలిడేట్, దాని పక్కన అలౌఫుల్ఓఎస్ అని, ఇంగ్లిషులో ఒక్కో మాటకి ముందు స్లాష్ పెట్టి ఇచ్చి పరీక్ష చేయించు. పాసయితేనే వ్యాలిడేట్ తీసేసి కన్వర్ట్ పెట్టు.

పాసవదు. అదీ చెప్పేస్తున్నాను. ఎందుకంటే మన దగ్గర ఒక ఆచారం ఉంది: కొత్త సిస్టం అంటే సీ, డీ, ఈ, ఎఫ్ నాలుగు డ్రైవులు ఉండి తీరాలి. ఒకదాంట్లో సినిమాలు, ఒకదాంట్లో పెళ్ళి ఫోటోలు, ఒకదాంట్లో కస్టమర్ ఫైళ్ళు. ఈ టూల్‌కి మాత్రం ప్రైమరీ పార్టిషన్లు మూడు మించకూడదు, ఎక్స్‌టెండెడ్, లాజికల్ అసలే ఉండకూడదు. విండోస్ తనకోసం చేసుకున్న సిస్టం రిజర్వ్‌డ్ ముక్క ఒకటి, సీ ఒకటి, డీ ఒకటి, అక్కడికే మూడు నిండాయి. ఈ, ఎఫ్ రెండిట్లోని సరుకు బయటి హార్డ్ డిస్క్‌లోకి తీసి, ఆ రెండు పార్టిషన్లూ, వాటిని పట్టుకున్న ఎక్స్‌టెండెడ్ ముక్క ఉంటే అదీ కొట్టేసి మళ్ళీ వ్యాలిడేట్ చెయ్యి. మార్పిడి అయ్యాక కావాలంటే మళ్ళీ ఈ, ఎఫ్ చేసుకో, ఎవరొద్దన్నారు. డీలో ఉన్నది కూడా కాపీ తీసుకోమంటాను. టూల్ మంచిదే, కరెంటు సంగతి మనకి తెలియనిది కాదు.

మార్పిడి ముందు, బయాస్ తర్వాత. ఈ వరస తప్పితే భయపడిపోతావు. కన్వర్ట్ అయ్యాక రీస్టార్ట్ చేసి డెల్ నొక్కి బయాస్‌లోకి వెళ్ళు. సీఎస్ఎం (పాత లెగసీ పద్ధతిని నడిపే ఆప్షన్) అని ఉంటే డిసేబుల్, పీటీటీ ఎనేబుల్, సెక్యూర్ బూట్ ఎనేబుల్. సెక్యూర్ బూట్ బూడిద రంగులో ఉండి కదలకపోతే దాని కిందే ఫ్యాక్టరీ కీలు లోడ్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కు. సెక్యూర్ బూట్ చేయగలిగితే చాలు అనే రూల్ చెబుతోంది, ఆన్‌లో ఉండాలని కాదు. అయినా ఆన్ చేసుకో. ఎవరిదైనా సిస్టంలో జీటీ 210 లాంటి పాత గ్రాఫిక్స్ కార్డు ఉంటే సీఎస్ఎం తీసెయ్యగానే స్క్రీన్ నల్లగా అయిపోవచ్చు. కార్డు తీసి బోర్డు మీది డిస్‌ప్లే పోర్టుకి కేబుల్ మార్చి చూడాలి. నీ 8100లో గ్రాఫిక్స్ ఉంది కాబట్టి నీకా బెడద లేదు.

ఇక సెల్లు. ఇది ఎవరూ చెప్పరు. బోర్డు మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి సెల్లు ఉంటుంది, దాని మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది. సీమాస్ సెల్లు అంటాం. 2019 నుంచి మార్చలేదంటే అది పోయే ఉంటుంది, లేదా పోబోతూ ఉంటుంది. అది పోయిన సిస్టంలో నువ్వు చక్కగా పీటీటీ ఆన్ చేసి విండోస్ 11 వేసుకుంటావు. సాయంత్రం కరెంటు పోతుంది, యూపీఎస్ చేతులెత్తేస్తుంది, పొద్దున్న ఆన్ చేస్తే బయాస్ తన పాత లెక్కలకి వెళ్ళిపోయి ఉంటుంది. సీఎస్ఎం ఆన్, పీటీటీ ఆఫ్. స్క్రీన్ మీద బూట్ అయ్యే డిస్క్ లేదంటుంది. నువ్వు "విండోస్ 11 వేశాక హార్డ్ డిస్క్ పోయింది" అని నాకు ఫోన్ చేస్తావు. ఇలాంటివి ఈ ఏడాదిలోనే ఎన్ని చూశానో లెక్కలేదు. హిరమండలం నుంచి ఒకాయన సీపీయూని తువ్వాల్లో చుట్టి బైకు మీద పెట్టుకొచ్చాడు, లోపల పోయింది ఒక్క సెల్లు. గడియారం వెనక్కి వెళ్ళిపోవడం దానికి ముందు గుర్తు. సిస్టం ఆన్ చేసినప్పుడల్లా టైము తప్పు చూపిస్తోందంటే, ఏ అప్‌గ్రేడూ మొదలుపెట్టకముందే ఆ సెల్లు మార్చెయ్యి. ప్లగ్ పీకేసి, గోటితో పక్కనున్న క్లిప్ నొక్కితే అదే ఎగిరి పైకొస్తుంది. రాతలున్న వైపు పైకి ఉండేలా కొత్తది పెట్టు.

ఇంకో విరుగుడు బయాస్ అప్‌డేట్. 2021 తర్వాత చాలా బోర్డుల కొత్త బయాస్‌లో పీటీటీ పుట్టుకతోనే ఆన్‌లో వస్తుంది. కానీ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది, కాబట్టి గట్టి యూపీఎస్ లేకుండా చేయకు.

బయాస్ అప్‌డేట్ అన్నాను కాబట్టి నా మీద నాకే కోపం వచ్చిన కథ ఒకటి చెప్పాలి. నీ డెస్క్‌టాప్‌కి ఇది తగలకపోవచ్చు, కానీ ల్యాప్‌టాప్‌లున్న వాళ్ళు చదువుతారు. పోయిన ఎండాకాలం ఒక డిగ్రీ అమ్మాయి రైజెన్ ల్యాప్‌టాప్ తెచ్చింది, విండోస్ 11 వేయమని. అన్నీ సరిపోయాయి, బయాస్ పాతదని అప్‌డేట్ చేశాను. రీస్టార్ట్ కాగానే నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాల్లో నాలుగు లైన్ల ఇంగ్లిషు వచ్చింది, ఎఫ్‌టీపీఎం మారింది, రీసెట్ చేయాలంటే వై నొక్కు, వద్దంటే ఎన్ నొక్కు అని. ఇన్నేళ్ళ అలవాటు కదా, చెయ్యి దానంతటదే వై మీదకి వెళ్ళిపోయింది. రెండో లైన్‌లోనే రాసి ఉంది, బిట్‌లాకర్ అనే డిస్క్ తాళం ఉంటే రికవరీ కీ లేకుండా సిస్టం తెరుచుకోదని. అది చదివింది వై నొక్కాక. ఆ వెంటనే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది.

ఆ అమ్మాయికి బిట్‌లాకర్ అంటే ఏంటో తెలీదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లు డిస్క్‌కి వాటంతటవే తాళం వేసుకుంటాయి, కీ ఆ అకౌంట్‌లో దాస్తాయి. అకౌంట్ ఎవరిదమ్మా అంటే, కొన్న రోజున మామయ్య ఏదో చేశాడండి అంది. మామయ్య పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. ఆయన పాస్‌వర్డ్ మర్చిపోయాడు, ఓటీపీ వెళ్ళే సిమ్ మార్చేశాడు. రెండు రోజులు పట్టింది. చివరికి పాత ఈమెయిల్ తెరిపించి, అకౌంట్‌లోకి వెళ్ళి, ఆయన అక్కడి నుంచి ఫోన్‌లో చదువుతుంటే నేను ఇక్కడ కొట్టాను. ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది. ఆయన "డబుల్ ఫోరు, కాదు కాదు, ఫోర్టీ ఫోరు" అంటుంటే నాకు చెమటలు. ఒక్కో గుంపూ 11తో శేషం లేకుండా భాగించబడేలా ఆ కీ తయారవుతుంది, అందుకే ఏ గుంపులో తప్పు పడిందో అక్కడే ఆపి చెబుతుంది. ఆ రోజు నన్ను కాపాడింది ఆ 11. అప్పటి నుంచి ల్యాప్‌టాప్ ఏదొచ్చినా, బయాస్ ముట్టుకోకముందే ముందు అకౌంట్‌లోకి వెళ్ళి కీ కాగితం మీద రాయించుకుంటున్నాను, డిస్క్ తాళాన్ని తాత్కాలికంగా ఆపుతున్నాను. కాగితం కస్టమర్‌కే ఇచ్చేస్తాను.

డెస్క్‌టాప్ అయిపోయింది. అది ఎక్కగానే ఆధార్ వేలిముద్ర మిషను, డబ్బులు తీసిచ్చే పోర్టలు, బ్యాంకు పనులు అన్నీ దాని మీదకి మార్చెయ్యి. వేలిముద్ర మిషన్ని నడిపే ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావొచ్చు. పాత విండోస్ అసలుదై యాక్టివేట్ అయి ఉంటే 11కి వేరే కీ కొననక్కర్లేదు.

రెండోది, ఆ ల్యాప్‌టాప్. నాకు బాధేసేది దీని గురించే. టీపీఎం 2.0 ఉంది. యూఈఎఫ్ఐ ఉంది, సెక్యూర్ బూట్ ఉంది. ఒక్క ప్రాసెసర్ పేరే లిస్టులో లేదు. 7020యూ అంటే 7వ తరం. తమాషా ఏంటంటే అది మార్కెట్‌లోకి వచ్చిందే 2018లో. ఇంటెల్ 8వ తరం 2017లోనే వచ్చేసింది. అంటే నువ్వు డబ్బులు పెట్టి కొన్న రోజుకే అది పాత తరం, షాపులో మాత్రం కొత్త డబ్బాలో ఉంది. ఆ తేడా అమ్మినవాడు చెప్పడు, కొన్నవాడికి తెలీదు.

ఇంతకంటే ఒళ్ళు మండే సంగతి ఉంది. సెలెరాన్ ఎన్4000 అని ఒక బుల్లి ప్రాసెసర్ ఉంది, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ఆయాసపడుతుంది. అది లిస్టులో ఉంది! ఐ7-7700కే, నాలుగు కోర్ల పహిల్వాన్, అది లేదు. వేగం వాళ్ళ కొలత కాదన్నమాట. వాళ్ళు చెప్పే కారణం భద్రత, నిలకడ. ఓఎస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌కి విడిగా కాపలా పెట్టే మెమరీ ఇంటెగ్రిటీ లాంటివి పాత ప్రాసెసర్లలో భారం అవుతాయి. అర్హత లేని సిస్టంలలో కెర్నెల్ క్రాష్‌లు 52 శాతం ఎక్కువ కనిపించాయని మైక్రోసాఫ్ట్ 2021 ఆగస్టులో చెప్పింది. కారణంలో పస లేదని నేననను. కానీ మెమరీ ఇంటెగ్రిటీ కేబీ లేక్ (అంటే ఇంటెల్ 7వ తరం) నుంచి మెరుగ్గా నడుస్తుందని వాళ్ళ డాక్యుమెంట్లలోనే ఉంది, నీ 7020యూ కేబీ లేకే. పైగా 7వ తరంలో ఐ7-7820హెచ్‌క్యూ అనే ఒకదానికి మినహాయింపు ఇచ్చారు, అది మైక్రోసాఫ్ట్ సొంత సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్న ప్రాసెసర్. గీత ఎక్కడో ఒకచోట గీయాలి, నిజమే. గీత మన గుమ్మం ముందు గీసి వాళ్ళ గుమ్మం దగ్గర వంచారు. మా నదికి ఇవతల ఒడిశాలో ఒక రూలు, అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో ఒక రూలు అలవాటైన వాళ్ళం కాబట్టి నవ్వుకుంటాం.

సరే, తిట్టుకుంటే పని జరగదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇళ్ళల్లో వాడే సిస్టంలకి ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఇచ్చే స్కీము ఉంది, పేరు ఈఎస్‌యూ, 2026 అక్టోబర్ 13 దాకా. 30 డాలర్లు అని ఒక దారి చూపిస్తారు, అది చూసి పారిపోకు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. రివార్డ్స్ పాయింట్లు 1000 ఉన్నా ఇస్తారు. విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, అకౌంట్‌కి అడ్మిన్ హక్కు ఉండాలి. అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని వస్తుంది. అకౌంట్ నీ నంబరుతో నీ పేరు మీదే చెయ్యి, పలాస మామయ్య పేరు మీద వద్దు.

ఆ ఏడాదిలో ముందు చేయాల్సింది ఓఎస్ గురించి బెంగ కాదు. ఆ 1 టీబీ హార్డ్ డిస్క్ పీకి ఎస్‌ఎస్‌డీ పెట్టు. నీ ల్యాప్‌టాప్ నెమ్మదికి కారణం ప్రాసెసర్ కాదు, ఆ తిరిగే డిస్కు. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం అని ఎర్రగా ఉంటుంది చూడు, అదీ రోగం. సీడీ డ్రైవు ఉన్న మోడల్ అయితే దాన్ని తీసి, ఆ ఖాళీలో కాడీ అనే ఫ్రేము పెట్టి పాత హార్డ్ డిస్క్‌ని అందులో కూర్చోబెట్టొచ్చు, ఫైళ్ళకి పనికొస్తుంది. ఎం.2 స్లాట్ ఉంటే కొనే ముందు అది సాటా రకమో ఎన్‌వీఎంఈ రకమో మోడల్ నంబరుతో చూసుకో, ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. ర్యామ్ 4 నుంచి 8 చేయాలి. టాస్క్ మేనేజర్‌లోనే మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు ఉన్నాయో రాసి ఉంటుంది. ఈమధ్య ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, కాబట్టి పాత సిస్టంలోంచి తీసిన డీడీఆర్4 ముక్క ఎక్కడైనా దొరికితే టెస్ట్ చేయించి తీసుకో. 4 జీబీతో విండోస్ 11 నడుస్తుందని కాగితం మీద ఉంటుంది. నడుస్తుంది. నడిచేవాడు ఎంత దూరం వెళ్తాడన్నది వేరే సంగతి.

"దొడ్డిదారిన వేసేయొచ్చు కదా" అని అడుగుతావని తెలుసు. వేయొచ్చు. రిజిస్ట్రీలో ఒక వాల్యూ పెట్టినా, రూఫస్ అనే టూల్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసేటప్పుడు చెక్ తీసేసే టిక్కు పెట్టినా 7020యూ మీద విండోస్ 11 ఎక్కుతుంది. నా ఇంట్లో 6వ తరం ల్యాప్‌టాప్ ఒకటి అలాగే తిరుగుతోంది, సెలవుల్లో పిల్లలు సినిమాలు చూస్తారు. నెలనెలా అప్‌డేట్‌లు వస్తూనే ఉన్నాయి. కానీ అవి వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది రాదు, చేత్తో మళ్ళీ అదే తంతు చేయాలి. ఇంట్లో సినిమాల సిస్టంకి నేనే వేసిస్తాను. ఊరివాళ్ళ వేలిముద్రలు పడే సిస్టంకి వేయను. ఎవరైనా వేస్తామన్నా నువ్వు వేయించుకోకు. ముసలావిడ పెన్షన్ డబ్బులు తీసే మిషను మీద ప్రయోగాలేంటి? నీ ల్యాప్‌టాప్‌ని టైపింగుకి, స్కానింగుకి ఉంచు. ఈఎస్‌యూ అయిపోయాక అప్పుడు దొడ్డిదారి గురించి మాట్లాడుకుందాం, లేదా లినక్స్ మింట్ అనే ఉచిత ఓఎస్ వేసుకుందాం. తెలుగు, ఒడియా యూనికోడ్ టైపింగు అందులో బాగానే ఉంటుంది. కొన్ని పాత లేజర్ ప్రింటర్లు దానికి లొంగవు, మీ ప్రింటర్ మోడల్ చూడకుండా అటు దూకకు.

మూడోది. కోర్ 2 డ్యుయో. దీనికి దొడ్డిదారి కూడా లేదు. 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11కి పాప్‌కౌంట్ అనే ఒక ఆజ్ఞ తెలిసిన ప్రాసెసర్ కావాలి, కోర్ 2 డ్యుయోకి అది పుట్టుకతోనే రాదు. బూట్ కూడా అవదు. పైగా విండోస్ 11కి 32 బిట్ రూపమే లేదు. కాబట్టి ఎవరైనా వేసిస్తామని డబ్బులు అడిగితే ఇవ్వకు.

కానీ మీ షాపుకి అసలు అన్నం పెడుతున్నది అదే. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా ఉన్న శుభలేఖ మన సరిహద్దులో తప్ప ఎక్కడ వేస్తారు? పెళ్ళికూతురిది కాశీనగర్, పెళ్ళికొడుకుది కొత్తూరు. అనూలో కంపోజ్ చేసిన తెలుగు, ఆకృతిలో చేసిన ఒడియా, పేజ్‌మేకర్‌లో కలిపిన పేజీ, పక్కన ఆ సాఫ్ట్‌వేర్‌కి తాళంచెవిలా గుచ్చే డాంగిల్. ఇవన్నీ కొత్త 64 బిట్ సిస్టంలోకి పాత వెర్షన్లతో ఎక్కించబోతే ఏది ఎక్కడ విరుగుతుందో చెప్పలేం. దాన్ని ముట్టుకోకు. నెట్ కేబుల్ పీకెయ్యి, వైఫై డాంగిల్ ఉంటే తీసి బల్ల సొరుగులో పెట్టు. నెట్ లేని సిస్టంకి సెక్యూరిటీ అప్‌డేట్‌ల బెంగ చాలావరకు తగ్గుతుంది. మిగిలిన దారి పెన్‌డ్రైవే. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ నేరుగా అందులో పెట్టొద్దు, ముందు విండోస్ 11 డెస్క్‌టాప్‌లో స్కాన్ చేసి, నీ సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇవ్వు. డిస్క్ మొత్తానికి ఒక క్లోన్ తీసి ఉంచు. పాత హార్డ్ డిస్క్ ఎప్పుడు కన్ను మూస్తుందో తెలీదు, అప్పుడు సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించే సీడీ ఎవరి దగ్గరా ఉండదు. డాంగిల్ మాత్రం విరిగితే అంతే. దాన్ని వెనక పోర్టులో కాకుండా చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో పెట్టుకో, కాలు తగిలి వంగిపోయినవి రెండు నా దగ్గరకి వచ్చాయి. కొత్తగా చేసే కార్డులు మాత్రం మెల్లగా యూనికోడ్ ఫాంట్లలోకి మార్చుకోవడం మొదలుపెట్టు.

కాబట్టి మూడింటిలో దేనికి బదులూ కొత్తది కొనక్కర్లేదు. నీ ఖర్చు ఒక సెల్లు, ఒక ఎస్‌ఎస్‌డీ, దొరికితే ఒక ర్యామ్.

ఇదంతా ముహూర్తాల సీజన్‌లో మొదలుపెట్టకు. కౌంటర్ ముందు శుభలేఖల వాళ్ళు నిలబడి ఉండగా బయాస్‌లో తిరిగితే చెయ్యి తప్పుతుంది, నా వై కథ చదివావు కదా. మూఢం వచ్చాక డెస్క్‌టాప్‌తో మొదలుపెట్టు. వ్యాలిడేట్ కొట్టాక వచ్చిన స్క్రీన్‌నీ, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పార్టిషన్ల బొమ్మనీ ఫోటో తీసి ఇక్కడ పెట్టు. అది చూశాకే కన్వర్ట్ నొక్కు. ఈలోపు ఆ సిస్టం టైము సరిగ్గా చూపిస్తోందో లేదో రేపు పొద్దున్న షాపు తెరవగానే చూసి చెప్పు.